మొత్తుకోని డబ్బా

వనపర్తి
జులై 6

గద్వాల అద్దకపు గదికి ఏకఛత్రాధిపతి, మా సుమన అక్కను పెళ్లాడిన సాహసి, శ్రీ వెంకటేశ్వర్లు బావ గారి దివ్య సముఖానికి,

తమ ఒక్కగానొక్క బామ్మర్ది తిరుపతి తెల్లకాగితం మీద, నీలి ఇంకుతో, మా ఇంటి ఓనరు, వీధి పిల్లి సాక్షులుగా రాసి సమర్పించుకునే క్షమాపణ. నాగర్‌కర్నూల్‌లో మా ఇంట్లో భోంచేసి తమరు కునుకు తీస్తుండగా తమ గురకను ఫోన్లో రికార్డు చేసి, "గద్వాల మగ్గం పని మొదలైంది" అని పేరు పెట్టి బంధువుల గ్రూపులో వదలడం నా తప్పే. తమరు ఆ గ్రూపులోంచి నిష్క్రమించి, "వాడు కాగితం మీద రాసిచ్చేదాంక వాని ఫోన్ ఎత్త" అని అక్కతో కబురు చేయడం న్యాయమే. కాగితం ఇదిగో.

ఇప్పుడు అసలు సంగతి. యోసేపన్న నూలు బండిలో ఈ ఉత్తరంతోపాటు ఒక చిన్న డబ్బా వస్తోంది. కాలేజీలో పాఠాలు చెప్పగా మిగిలిన టైములో పీహెచ్‌డీ పేరు పెట్టుకొని ఏం వెలగబెడుతున్నావని అడుగుతుంటావు కదా, ఇదే వెలగబెడుతున్నాను. పోయిన నెల మీ గదికి వచ్చినప్పుడు చూశాను. బొగ్గుల పొయ్యిలు, మూసిన తలుపు, లోపల మనుషులు. "బొగ్గులకు పొగ ఏడిదిరా" అన్నావు. పొగ లేకపోవడమే భయం బావా. బొగ్గు సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట అది కూర్చుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత చెప్పుకోవడానికి మనిషి ఉండడు.

డబ్బాలో పలాడియం అనే లోహపు రవ్వలున్నాయి. కంటికి కనపడవు. ఒక్కో రవ్వలో పదో పదిహేనో పరమాణువులు, అంతే. గుంపు అంత చిన్నదైతే దాదాపు అందరూ అంచునే ఉంటారు, గాలి వచ్చి వాలడానికి చోటు దొరుకుతుంది. ఆర్టీసీ బస్సనుకో. మోనాక్సైడ్ ఎక్కి ఒక సీట్లో కూర్చుంటుంది. పక్క సీట్లో ఆక్సిజన్ ఉంటుంది. ఇద్దరికీ మాట కలుస్తుంది, జంటగా కార్బన్ డయాక్సైడ్ అయి దిగిపోతారు. సీట్లు మళ్లీ ఖాళీ. ఈ ఎక్కడం దిగడం వల్ల కింద కరెంటు మారుతుంది. మార్పు ఎక్కువైతే డబ్బా మొత్తుకుంటుంది. కరెంటు అందుతున్నంత సేపూ పచ్చ లైటు వెలుగుతుంది. పొయ్యికి దగ్గరగా, మనిషి ముక్కు ఎత్తున తగిలించు.

తమ గురకల చరిత్రకారుడు,
తిరుపతి

*

గద్వాల
జులై 15

బామ్మర్దికి,

నీ క్షమాపణ చదివిన. పిల్లి సాక్ష్యం చెల్లదు. దసరా దాంక ఫోన్ ఎత్తేది లేదు. ఉత్తరానికి జవాబు రాస్తున్ననంటే నీ మీద ప్రేమ అనుకోకు, మీ అక్క పోరు పడలేక.

డబ్బా తగిలించిన. మొదటి రోజే మొత్తుకున్నది. మాసయ్య నూలు తిప్పే కర్ర చేతుల పట్టుకొనే రోడ్డు మీదికి ఉరికిండు. "ఇదేం కూతనే, యముని బండి హారన్ లెక్క ఉన్నది" అంటుండు. ఎదురుంగ చాయ్ హోటల్ కాంతమ్మ అగ్గి అంటుకున్నదనుకొని నీళ్ల బిందె పట్టుకొని వచ్చింది. అందరు నవ్విన్రు. నాకు నవ్వు రాలే. ఇన్నేండ్ల నుంచి ఇదంత మింగుకుంటనే ఉన్నమా అనిపించింది. ఆ మాట మాసయ్యకు చెప్పలే.

కిటికీ తీపిచ్చిన, గాలి గుంజే ఫ్యాను పెట్టిచ్చిన. అయినా రోజుకు కొన్నిసార్లు కూస్తది. కూసినప్పుడల్ల బయటికొచ్చి కాంతమ్మ దగ్గర చాయ్ తాగుతున్నం. ఆమె నీ డబ్బాకు దండం పెడుతున్నది.

వెంకటేశ్వర్లు

*

వనపర్తి
ఆగస్టు 2

చాయ్ హోటళ్ల అభివృద్ధికి పాటుపడుతున్న బావ గారికి,

డబ్బా కూసిందని తెలిసి ఇక్కడ పండుగ చేసుకున్నాను. పండుగ అంటే ఒక మిర్చి బజ్జీ ఎక్కువ తిన్నాను. లోహపు గుంపుల మీద గాలి ఎట్లా వాలుతుంది, ఎట్లా రూపు మారుతుంది అని మూడేళ్లుగా గాజు గొట్టాల ముందు కూర్చున్నవాడికి, ఒక నిజమైన మాసయ్య నిజమైన రోడ్డు మీదికి ఉరకడం అంటే చిన్న విషయమా?

నెలాఖరుకు సెమినార్ ఉంది. మా గైడు సారు, ఇంకా పెద్దలు వస్తారు. కిటికీ తీశాక కూత తగ్గిందని చూపించగలిగితే నా పీహెచ్‌డీకి ఊపిరి వస్తుంది. కాబట్టి తమరు ఆ డబ్బాను కంటికి రెప్పలా చూసుకొని, కూత తగ్గుతోందా పెరుగుతోందా రాయవలసిందిగా ప్రార్థన. తగ్గుతోందనే రాయవలసిందిగా రహస్య ప్రార్థన.

తిరుపతి

*

గద్వాల
ఆగస్టు 21

బామ్మర్దికి,

నీ రహస్య ప్రార్థన ఏ దేవుడో ఆలకించిండు. డబ్బా నోరు మూసింది.

పెండ్లిళ్ల గిరాకి నీలం రంగుది వచ్చింది. ఆ పని మొదలైనప్పటి నుంచి కూత తగ్గుకుంట వచ్చింది. ముందు రోజుకు ఒక్కసారి. తర్వాత అది కూడ లేదు. పచ్చ లైటు మాత్రం దీపం లెక్క వెలుగుతున్నది. "పాత గాలినంత ఫ్యాను గుంజేసింది, ఇగ రూము సాఫ్ అయింది" అని మాసయ్య తీర్పు చెప్పిండు. నాకూ గట్లనే అనిపించింది.

అందుకని కిటికీ మూసిన. వాన జల్లు కొట్టి గంగాళం చల్లారితే నూలుకు మచ్చలు పడుతున్నయి. ఫ్యాను కూడ బంద్ పెట్టిన, అది బొగ్గు బూడిద లేపి తడి నూలు మీద పోస్తున్నది. కూసినప్పుడు తెరుద్దం అనుకున్న. కూస్తలేదు.

మాసయ్యకు తల పగులుతున్నదట, జర రెస్ట్ తీసుకుంటనని ఊరికి పోయిండు. సుమన సాయానికి వస్తున్నది. ఆమెకూ తల తిరుగుతున్నది గాని దానికి కారణం వేరే. చెప్పొద్దన్నది కాబట్టి చెప్ప. నువ్వు అడగకు.

వెంకటేశ్వర్లు

*

వనపర్తి
ఆగస్టు 30

వాయు శుద్ధి చక్రవర్తికి,

సెమినార్ అయిపోయింది. నీ గది ఫోటో గోడంత పెద్దగా వేసి, కింద "ప్రమాదం పూర్తిగా తొలగిన అద్దకపు గది, గద్వాల" అని రాశాను. చప్పట్లు కొట్టారు. మాసయ్య కర్రతో ఉరికిన ఘట్టం చెబితే ఒక పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మా గైడు సారు ఒక్కరే నవ్వలేదు. "అక్కడ గంధకానికి సంబంధించినదేమైనా వాడతారా? పలాడియానికి గంధకం పడదు. దానితో పరీక్ష చేశావా?" అని అడిగారు. నేను లేచి నిలబడి, అత్యంత గంభీరంగా, "లేదు సార్, వాళ్లు చేసేది నూలు రంగు, బాణసంచా కాదు" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆయన కూర్చున్నారు.

అయినా ఆయన మనశ్శాంతి కోసం ఒక్క ముక్క రాయి బావా. మీ దగ్గర గంధకం లాంటిది ఏమీ లేదు కదా? మాసయ్య తలనొప్పి సంగతి నాకు తెలుసు. డబ్బా కూయడం లేదు కాబట్టి కాంతమ్మ చాయ్ అందడం లేదు, అదే రోగం.

అక్క విషయం అడగొద్దన్నావు కాబట్టి అడగను. మేనమామ ఉద్యోగానికి దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం తెలియజేయగలవు.

తిరుపతి

*

గద్వాల
సెప్టెంబరు 4, పొద్దున

బామ్మర్దికి,

యోసేపు బండి స్టార్ట్ చేసి హారన్ కొడుతుండు. రెండు ముక్కలే.

గంధకం లేదు. సోడా, ఉప్పు, రంగు, హైడ్రో. ఇవే వాడుతం. హైడ్రో అంటే తెల్ల పొడి, అది లేకుంటే నీలం నూలుకు పట్టదు. ఆ పొడి డబ్బా మీద గంధకం అని ఎక్కడ రాసి లేదు, చూసిన. వేడి నీళ్లల్ల వేస్తే మాత్రం అగ్గిపుల్ల గీసినట్టు ముక్కు మండుతది. అంతే.

మేనమామ సంగతి నేను చెప్పలే, నువ్వే రాసినవు. అయిదో నెల. మొదటిది పోయినప్పటి నుంచి ఆమెకు భయం, అందుకే ఎవ్వరికీ చెప్పనిస్తలేదు. నీకు తెలిసినట్టు ఆమెకు తెల్వనియ్యకు.

ఈ రోజు పెద్ద లాటు. మాసయ్య ఇంక రాలే. నేను, మీ అక్క ఇద్దరమే. వాన దంచుతున్నది, తలుపు వేసుకొని మొదలుపెడుతున్నం. పచ్చ లైటు ఉన్నది, ఫికర్ లేదు.

వెంకటేశ్వర్లు

*

గద్వాల, దవాఖాన వరండా
అదే రోజు, సాయంత్రం

బావా,

నీ ముఖానికి ఆక్సిజన్ పెట్టారు, మాట్లాడించొద్దన్నారు. లేవగానే అక్క ఎక్కడ అని అడుగుతావు. అందుకే ముందుగా రాసి నర్సమ్మ చేతికి ఇస్తున్నాను. అక్క బతికే ఉంది. పక్క వార్డులో ఉంది. కళ్లు తెరిచింది, నన్ను గుర్తుపట్టింది. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఇందులో నీ ధైర్యం కోసం కలిపిందేమీ లేదు.

యోసేపన్న ఉత్తరం తెచ్చినప్పుడు క్లాసులో ఉన్నాను. పిల్లలకు ఏదో లెక్క ఇచ్చి విప్పాను. అగ్గిపుల్ల అన్న మాట రెండోసారి చదివాను. అగ్గిపుల్ల గీస్తే ముక్కుకు కొట్టే ఘాటు గంధకం కాలిన వాసనే బావా. హైడ్రో అంటే గంధకం ఉన్న లవణమే, పుస్తకం తీసి చూడాల్సిన పని కూడా లేదు, నేను పాఠం చెప్పేదే అది.

నీకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాను. అక్కకు చేశాను. దసరా దాకా ఎత్తనన్నావు కదా, పంతానికి పోతున్నావనుకొని పిల్లల ముందే నిన్ను తిట్టాను. అప్పుడు కాంతమ్మ గుర్తొచ్చింది. మీ దగ్గరికి వచ్చినప్పుడు చాయ్ పైసలు ఫోన్లో కొట్టాను, నెంబరు అందులో దొరికింది.

"కాంతమ్మా, నేను తిరుపతిని. రంగుల గది తలుపు కొట్టు."

"కొడుతున్న బిడ్డా. పలుకుతలేరు. పని మీద ఉన్నరేమో."

"పగలగొట్టు."

"నీకేమన్న పిచ్చా? ఒకల ఇంటి తలుపు నేనెట్ల పగలగొడత?"

"లోపల అక్క కడుపుతోని ఉన్నది. పగలగొట్టు. లోపల నిలబడకు, ఊపిరి బిగబట్టి బయటికి గుంజు."

ఆమె ఫోన్ కట్ చేయలేదు. గడియ ఊడిన చప్పుడు విన్నాను. తర్వాత నేల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు. ఆమె దగ్గు. మళ్లీ ఈడుస్తున్న చప్పుడు. అది చెవిలో పెట్టుకొనే వనపర్తి నుంచి బండి నడిపాను. ముందు అక్కను గుంజింది, తర్వాత నిన్ను. ఆ తర్వాతే నా ఫోన్ పెట్టేసి 108 బండికి ఫోన్ చేసింది కూడా ఆమే.

ఇందాక గదికి పోయి చూసి వచ్చాను. తలుపు, కిటికీ బార్లా తెరిచి ఉన్నాయి. డబ్బా గోడకే ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది.

తిరుపతి

*

గద్వాల
సెప్టెంబరు 19

తిరుపతీ,

నువ్వు సుమనను నాగర్‌కర్నూల్ తీసుకపోయినంక ఇల్లు తినడానికి వస్తున్నది. నిన్ను తిడదామనే కూసున్న. రాసుడు, చించుడు, మళ్ల రాసుడు. తిట్లు అయిపోయినయి, ఇది మిగిలింది.

ఆ రోజు నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను సోయిలనే ఉన్న. గంగాళం పక్కన కూలబడి ఉన్న. ఫోన్ చేతికి అందేంత దూరంల మోగుతున్నది, నీ పేరు కనపడుతున్నది. పంతం కాదు తిరుపతీ. ఎత్తుదామనే చూసిన. వేలు కదలలే. సుమన గోడకు ఆనుకొని నిద్రపోయినట్టు ఉన్నది, పిలుద్దామంటే నోరు లేస్తలేదు. నీ పేరు ఆరిపోయింది. మళ్ల వచ్చింది. మళ్ల ఆరిపోయింది. ఇదంత అవుతుంటే ఆ పచ్చ లైటు నా దిక్కే చూస్తున్నది.

మాసయ్య ఊరి నుంచి వచ్చిండు. డబ్బాను కృష్ణల పారేసొస్తనని లేచిండు. నేను ఆపిన. ఎందుకు ఆపిన్నో తెల్వదు. మనిషి అబద్ధం ఆడితే అంగీ పట్టుకొని అడుగుత. దీన్ని ఎట్ల అడగాలె? నువ్వు చేసినవు, నువ్వే చెప్పు. నవ్వియ్యకుంట చెప్పు.

బిడ్డ కదిలిందా? ఫోన్ల అడిగితే సుమన "మంచిగనే ఉన్న" అంటది తప్ప ఇంకో మాట చెప్తలేదు. నువ్వు నిజం రాయి.

వెంకటేశ్వర్లు

*

నాగర్‌కర్నూల్
సెప్టెంబరు 25

బావా,

ముందు నిజం. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. కదలిక మాత్రం అక్కకు ఇంకా తెలియడం లేదు. డాక్టరమ్మ భయపెట్టలేదు, భరోసా కూడా ఇవ్వలేదు. "ఆ గాలి తల్లి రక్తంలోంచి పోయినంత తొందరగా బిడ్డ రక్తంలోంచి పోదు. దాని దెబ్బ ఇప్పుడే తెలియదు. వచ్చే నెల మళ్లీ స్కానింగ్ చేద్దాం" అన్నది. అప్పటిదాకా ఎవరేం చెప్పినా ఊహే. అక్క నాతో మామూలుగానే మాట్లాడుతుంది. కూర వేసుకోమంటుంది, అమ్మకు మందులు తెమ్మంటుంది. డబ్బా మాట ఎత్తదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, కడుపు మీద చెయ్యి పెట్టుకొని వింటున్నట్టు కూర్చుంటుంది. అప్పుడు నేను బయటికి వెళ్లిపోతాను.

నువ్వడిగినదానికి జవాబు. డబ్బా అబద్ధం ఆడలేదు. చచ్చిపోయింది. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద దస్తీ వేస్తారు చూడు, గంధకం చేసింది ఆ పని. హైడ్రోలోంచి లేచిన ఘాటు గాలి పలాడియం రవ్వల మీద వాలింది. మోనాక్సైడ్ లాగా పని చూసుకొని దిగిపోయే రకం కాదది. ఒక్కో సీటే పట్టుకుంటూ పోయింది, అందుకే నీకు కూత తగ్గుతూ వచ్చింది. చివరికి గది నిండా మోనాక్సైడ్ ఉన్నా, వాలడానికి డబ్బాలో చోటు లేదు. వాలకపోతే కరెంటు మారదు. మారకపోతే కూత లేదు.

పచ్చ లైటుకు ఇవేవీ తెలియవు. కరెంటు అందుతోందని మాత్రమే దానికి తెలుసు. పచ్చ లైటును చూసిన మనిషి ఏమనుకుంటాడో ఆలోచించకుండా దాన్ని పెట్టినవాణ్ని నేను. గైడు సారు అడిగినప్పుడు నీకు ఫోన్ చేసి ఒక్క మాట కనుక్కోలేదు, హాలును నవ్వించాను. మొన్న వెళ్లి అదే హాలులో నిలబడి, గద్వాల ఫోటో కింద నేను రాసినది తప్పు అని చెప్పాను. ఈసారి ఎవరూ కళ్లద్దాలు తుడుచుకోలేదు.

కొత్త డబ్బా పంపుతున్నాను. లైటు పీకేశాను. ఇది కూడా గంధకానికి చస్తుంది బావా, చావనిది చేయడం నాకింకా చేతకాలేదు. అందుకని రోజూ పొద్దున, పని మొదలుపెట్టకముందు, దీన్ని గుమ్మం బయటికి తెచ్చి, రేకు డబ్బాలో నిప్పు బొగ్గులు వేసి కింద పట్టు. మొత్తుకుంటే బతికి ఉన్నట్టు. మొత్తుకోకపోతే ఒక్క మనిషి కూడా లోపలికి పోవద్దు. గిరాకీ వచ్చి నెత్తిన కూర్చున్నా పోవద్దు. మొత్తుకున్న రోజు కూడా కిటికీ తెరిచే ఉండాలి, ఫ్యాను తిరుగుతూనే ఉండాలి. నూలుకు మచ్చలు పడితే పడనీ.

నువ్వు దీన్ని కృష్ణలో పారేసినా నేనేమీ అనను.

తిరుపతి

*

గద్వాల
నవంబరు 14

తిరుపతికి,

స్కానింగ్ మంచిగ వచ్చిందని నువ్వు చెప్పినా నేను నమ్మలే. సుమన ఇంటికొచ్చి, నా చెయ్యి గుంజుకొని కడుపు మీద పెట్టుకున్నది. లోపలి నుంచి తన్నింది. అప్పుడు నమ్మిన. ఎవరి లెక్కనో ఆగకుంట తన్నుతున్నది, నిద్రపోనిస్తలేదట. మేనమామ పోలిక కావొచ్చు.

ఇగ ఈ రోజు సంగతి. పొద్దున మాసయ్య ఎప్పటి లెక్కనే బొగ్గులు పట్టిండు. కూయలే. ఇంకో పిడికెడు వేసి పట్టిండు. అయినా కూయలే. ఇన్ని రోజులు రోజూ కూసింది, మేము లోపలికి పోయినం. ఈ రోజు మాసయ్య, కొత్తగ పనికొస్తున్న భీమమ్మ, సుమన, నేను గుమ్మం ముందట నిలబడ్డం. లోపల, కిటికీ నుంచే రాజేసిన పొయ్యి మీద గంగాళం అప్పటికే సల సల కాగుతున్నది.

అప్పుడే నూలు ఇచ్చిన మగ్గాల సేటు వచ్చిండు.

"ఏందయ్యా, పండుగనా? అందరు బయటనే ఉన్నరు."

"డబ్బా మొత్తుకోలే సేటూ" అన్నడు మాసయ్య.

"మొత్తుకోకుంటే మంచిదే కద. పోయి పని చేసుకోన్రి."

"మొత్తుకోకుంటే పోవద్దు" అన్నది భీమమ్మ.

"ఇదెక్కడి లెక్క? గోల చేస్తే పోతరు, చప్పుడు లేకుంటే పోరా? సాయంత్రానికి నీలం నూలు చిలపలు లేకుంటే నా నూలు నేను తీస్కపోత వెంకటేశ్వర్లూ. రంగు వేసెటోడు నువ్వొక్కడివే లేవు గద్వాలల."

అబద్ధం ఎందుకు చెప్పాలె, నా కాలు కదిలింది. కిటికీ తెరిచే ఉన్నది, ఫ్యాను తిరుగుతున్నది, ఒక్క లాటే కద, తొందరగ ముంచి తీస్త అనిపించింది. ఒక అడుగు వేసిన కూడ. సుమన మెల్లగ పోయి గుమ్మంల అడ్డం కూసున్నది. తలుపు చెక్కకు వీపు ఆనించి, కాళ్లు చాపింది. ఆమెను దాటకుంట లోపలికి పోయే తొవ్వ లేదు.

సేటు ఆమె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. నూలు బండిల వేసుకొని పోయిండు.

మాసయ్య పొయ్యిల బొగ్గులు కిటికీ నుంచే నీళ్లు పోసి ఆర్పిండు. నీళ్లు చల్లారినయి. నీ అక్క ఇంకా లేస్తలేదు, అక్కడనే కూసొని భీమమ్మతోని చిక్కుడుకాయలు తుంపుతున్నది. ఇంకో డబ్బా యోసేపు చేతికియ్యి. అది మొత్తుకునేదాంక మేమంత బయటనే.

వెంకటేశ్వర్లు